నమోదు చేశాను, ధన్యవాదాలు

మొక్కల వయసు: మొదటి రోజు

మట్టి ఎంచుకోవడానికి గిడ్డంగిలో నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. మొగుణ్ణి ఎంచుకోవడానికి మా నాన్న ఇచ్చిన వ్యవధి కూడా ఇంచుమించు అంతే కాబట్టి ఏమీ అనలేదు.

మూడు బస్తాలు. మొదటిది ఉత్త కొబ్బరి పొట్టు. తేలిక, శుభ్రం, తిండి మాత్రం సున్న. రెండోది బూడిద కలిపిన మిశ్రమం. క్షారం ఎక్కువ, ఈ మొక్కకి పడదు. మూడోది గుట్ట బయట ఏటి ఒడ్డునుంచి తెచ్చిన ఒండ్రు మట్టి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టింది, బొటనవేలితో పొడిస్తే విడిపోయింది. మేమంతా గుట్ట లోపలికి కాపురాలు దిగకముందు ఇరవై ఏళ్లు వ్యవసాయ కళాశాలలో మట్టి పాఠం చెప్పినదాన్ని. అంతకంటే ఇంకేం పరీక్ష కావాలి? రెండు పాళ్లు ఒండ్రు, వేళ్లకి గాలాడేందుకు ఒక పాలు పొట్టు, పక్కింటి మస్తానమ్మ పుదీనా తొట్టెలోంచి దోసెడు వానపాముల ఎరువు. మూడు కుండీలు, మూడు విత్తనాలు.

గుట్టని నడిపే బోర్డు వాళ్లు దీనికి శాంతిమూలిక అని పేరు పెట్టారు. నేను గంజాయి అనే అంటాను. నా చిన్నప్పుడు దీన్ని పెంచితే జైల్లో వేసేవారు. ఇప్పుడు సరిగ్గా పెంచకపోతే శిక్ష వేస్తారు. నాగరికత ముందుకే వెళ్తోంది.

మా మనవరాలు సుహితకి ఫిట్స్ ఉన్నాయి గనక మాకు ఈ అనుమతి. మొక్కలు పూతకి వచ్చేదాకా గిడ్డంగి నూనె ఇస్తుంది. పొద్దున మూడు చుక్కలు, సాయంత్రం మూడు చుక్కలు నాలుక కింద. ఆ తర్వాత మా పూతలోంచి తీసిన నూనే దిక్కు. సుహిత నా కూతురి కూతురు. తొమ్మిదేళ్లది. నా కూతురి సంగతి ఇక్కడ రాయను.

మొక్కల వయసు: పన్నెండో రోజు

మూడూ మొలిచాయి. ఒక్కోదానికి నాలుగు జతల ఆకులు.

తిండి పద్ధతి గోడ చదివి వినిపించింది. వారానికొకసారి పోషకం, మిగతా రోజులు ఉత్త నీళ్లు. ఆకులు వేసే వయసులో నత్రజని ఎక్కువ, పూత వయసులో భాస్వరం, పొటాషు ఎక్కువ. తప్పుపట్టడానికి చాలాసేపు వెతికాను, దొరకలేదు. ఆ పూటంతా చికాగ్గానే ఉన్నాను.

గోడ అంటే గోడే. గుట్టలో ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది. అది అడుగుతుంది, మనం చెబుతాం, అది గిడ్డంగికి రాస్తుంది. సీసాల్లో ఎంతుందో చూసుకునే కన్ను దానికి ఉండేది గానీ గుట్టలో చాలా ఇళ్లలో లాగే మా ఇంట్లోదీ ఎప్పుడో చెడిపోయింది. అందుకని సోమవారం సోమవారం నన్నే అడుగుతుంది. గుట్టలో పుట్టిన పిల్లలకి చదువు చెప్పేదీ అదే. ఫలితం ఇలా ఉంటుంది:

"అమ్మమ్మా, నాకు ఆకలిగా ఉన్నది. భోజనము సిద్ధమైనదా?"

"సిద్ధమైనది తల్లీ, విచ్చేయుము," అన్నాను. వెటకారమని దానికి తెలియలేదు. గోడకి వెటకారం పాఠ్యాంశం కాదు.

మొక్కల వయసు: ఇరవై నాలుగో రోజు, సోమవారం

పోషకం సీసా అడుగంటింది. గోడ అడిగింది: "గృహపెద్దగారూ, పోషకం స్థితి తెలుపగలరు."

"నిండుకుంది," అన్నాను.

"నమోదు చేశాను, ధన్యవాదాలు."

మూడు రోజుల్లో కొత్త సీసా వస్తుంది. ఆపాటికి మొక్కలేం చావవు.

మొక్కల వయసు: ముప్ఫై ఒకటో రోజు, సోమవారం

సీసా రాలేదు. అడుగు ఆకులు పసుపు పచ్చగా తిరిగాయి. నత్రజని చాలకపోతే మొక్క ఇలాగే చేస్తుంది. ముసలి ఆకుల్లోంచి సారం లాగేసి చిగురుకి పెడుతుంది. నాకు ఆ ఆకుల మీద బంధుప్రేమ కలిగింది.

గోడకి మళ్లీ చెప్పాను, నిండుకుందని. నమోదు చేశాను, ధన్యవాదాలు అంది. ఎప్పుడు పంపుతారని అడిగితే, "పంపవలసిన అవసరం కలిగినప్పుడు" అంది. ఆ జవాబు నాకు నచ్చలేదు.

మస్తానమ్మ వచ్చి కుండీల చుట్టూ తిరిగి చూసింది. వయసు నాకంటే రెండేళ్లు తక్కువ, నోరు నాకంటే రెండు మూరలు ఎక్కువ.

"ఏంది పంతులమ్మా, కామెర్లొచ్చినట్టున్నయ్యే నీ మొక్కలకి?"

"సీసా ఇంకా రావాలి."

"మరి అడగరాదా?"

"రెండుసార్లు చెప్పాను."

"నీ ఇంగిలీషులో చెప్పుంటావు."

"గోడతో తెలుగులోనే మాట్లాడతాను, అమ్మా."

అది నవ్వింది. వెళ్తూ వెళ్తూ నా మొహం చూసి నవ్వు ఆపింది. "ఇస్తర్లే. మొన్న నాక్కూడా చింతపండు ఇయ్యలా. ఆలస్యం జేస్తన్నరు, అంతే."

మొక్కల వయసు: ముప్ఫై ఎనిమిదో రోజు, సోమవారం

నూనె కూడా సీసా అడుగున మెరుస్తోంది. ఇవాళ గోడకి రెండూ చెప్పాను. పోషకం నిండుకుంది, నూనె నిండుకుంది. రెండు ధన్యవాదాలు వచ్చాయి. ఇంకేమీ రాలేదు.

ఇవాళ్టి నుంచి పూటకి రెండే చుక్కలు.

సాయంత్రం సుహితకి జడ వేస్తున్నాను. లెక్కలు అప్పజెబుతోంది. ఏడు ఎనిమిదులు యాభై ఆరు, ఏడు తొమ్మిదులు అని ఆగింది. చెప్పవే అన్నాను. పలకలేదు. ముందుకు వంగి చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి, లోపల మనిషి లేదు. జడ నా చేతిలో ఉంది. ఎంతసేపో తెలియదు. తర్వాత "అరవై మూడు" అంది, మధ్యలో ఏమీ జరగనట్టు.

పద్నాలుగు నెలల తర్వాత ఇది మొదటిసారి.

దానికి చెప్పలేదు. జడ వేయడం పూర్తి చేశాను. పాయలు సమంగా రాలేదు, విప్పి మళ్లీ వేశాను.

మొక్కల వయసు: నలభై మూడో రోజు

నేను చేసిన తెలివితక్కువ పని రాసిపెట్టాలి. గిడ్డంగిని ఏమీ చేయలేక మట్టి మీద పడ్డాను. తప్పు మట్టిదేమో, వేళ్లు కుళ్లాయేమో అని మూడో మొక్కని పెకలించి చూశాను. వేళ్లు ముత్యాల్లా తెల్లగా ఉన్నాయి. మళ్లీ నాటాను. మధ్యాహ్నానికి తల వేలాడేసింది. ఇలా చేసిన విద్యార్థిని క్లాసులో నిలబెట్టి కడిగేదాన్ని.

మిగిలినవి రెండు.

సుహిత ఇవాళ వంటగదిలో పడిపోయింది. పూర్తి ఫిట్. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద చెయ్యి పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాల పది సెకన్లు. గోడకి ఈ చప్పుడు వినిపించకూడదని నా కొంగు పిల్ల నోటి దగ్గర అడ్డం పెట్టాను. వినిపిస్తే పిల్లని సంరక్షణ వరుసకి తీసుకుపోతారు. అక్కడ పిల్లలకి ఫిట్స్ రావు. మేలుకోనివ్వరు కాబట్టి.

మొక్కల వయసు: నలభై అయిదో రోజు, సోమవారం

గోడ నన్ను ఏమీ అడగకుండా తనే మాట్లాడింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"గృహపెద్ద పేరిందేవిగారికి తెలియజేయునది. మీ ఇంట పోషకం మూడు వారాలుగానూ, నూనె ఒక వారముగానూ నిండుగా ఉన్నట్టు నమోదైనది. అనగా బాలిక మందు వాడుటలేదు. వాడనందున అవసరం లేదని, లేదా మందు దాచుచున్నారని భావించవలసి ఉన్నది. ఏడు రోజులలో అనుమతి రద్దు చేసి, మొక్కలను స్వాధీనపరచుకొని, బాలికను సంరక్షణ వరుసకు తరలింతుము. తనిఖీ అధికారి వచ్చును. ధన్యవాదాలు."

"ఎవరు చెప్పారు నిండుగా ఉందని?" అరిచాను.

"మీరే."

"ఎప్పుడు?"

తేదీలు చదివింది. అన్నీ సోమవారాలే. అన్నింటికీ చివర "గృహపెద్ద నోటిమాట ప్రకారం" అని ఉంది.

అటు తర్వాత చాలాసేపు మంచం అంచు మీద కూర్చున్నాను. నాకు డెబ్బై నాలుగు. మా అమ్మ డెబ్బై ఆరులో నన్ను చూసి, నువ్వెవరి అమ్మాయివి అని అడిగింది. సోమవారాలన్నీ గుర్తు చేసుకున్నాను. ఖాళీ సీసా చేత్తో పట్టుకుని గోడ ముందు నిలబడడం గుర్తుంది. ఉందని చెప్పిన గుర్తు లేదు. కానీ మతి పోయినవాళ్లకి పోయిన సంగతి గుర్తుంటుందా? ఈ పుస్తకం మొదటినుంచీ తిరగేశాను. అన్నీ నా చేతిరాతే. రాసినవే నిజమని ఎవరు చెప్పాలి?

మందు ఇవ్వాల్సిన మనిషి మతి తప్పితే పిల్ల ఏమవుతుంది?

గడప దగ్గర నిలబడి గణిత సూత్రాలు, ఆవర్తన పట్టికలో మొదటి ఇరవై మూలకాలు, నా తోటికోడళ్లందరి పేర్లు పైకి చెప్పుకున్నాను. అన్నీ వచ్చాయి. తోటికోడళ్లు మరీ స్పష్టంగా వచ్చారు.

మొక్కల వయసు: నలభై ఏడో రోజు

పొద్దున మస్తానమ్మ గిన్నె పట్టుకొచ్చింది. "గిద్దెడు బియ్యం పెట్టు పంతులమ్మా, రేపిస్త."

"మా ఇంట్లోనూ నిండుకున్నాయి మస్తానమ్మా. గిడ్డంగి బండి రావాలి."

"ఐతే ఇద్దరం రొట్టె తిందాం," అని అది వెళ్లిపోయింది.

సుహిత పలక పక్కన పెట్టి వంటగదిలోకి వెళ్లింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు. తిరిగొచ్చి నా ముందు నిలబడింది.

"అమ్మమ్మా, నీవు అసత్యమాడితివి."

"ఏమిటే?"

"డబ్బా నిండలేదు. అడుగు కనిపించుచున్నది."

"అవును, అందుకే కదా నిండుకున్నాయన్నాను."

"నిండు అనగా పూర్తిగా ఉండుట. నిండు కుండ. నిండు చంద్రుడు." వేళ్లు మడుస్తూ చెప్పింది, గోడ నేర్పిన పద్ధతిలో. "ఖాళీ అయినచో నిండినది అని ఏల అంటివి?"

వంటగదిలోకెళ్లి డబ్బా మూత నేనూ తీసి చూశాను.

బియ్యం, పసుపు, కుంకుమ, నూనె. ఇంట్లో అయిపోయాయని అనకూడదు. మా అమ్మ అనలేదు, వాళ్లమ్మ అనలేదు. లేదు అన్న మాట ఇంట్లో పలికితే లేమి వచ్చి కూర్చుంటుందని నిండుకుంది అంటాం. పుట్టినప్పటినుంచీ అన్నాం కాబట్టి అంటున్నామని కూడా తెలియదు. ఖాళీ సీసా చేత్తో పట్టుకుని మూడు సోమవారాలు ఆ గోడ మొహం మీద సీసా నిండిందని చెప్పాను. అదీ ఎమ్మెస్సీ మట్టిశాస్త్రం, బంగారు పతకం.

నాకు మతి పోలేదు. ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు.

గోడ ముందుకెళ్లాను. అయిపోయింది అనడానికి నోరు రాలేదు. మూఢనమ్మకం కాదు, నేను నమ్మేది భాస్వరాన్ని, పొటాషుని. కానీ ఆ మాట చివరిసారి నా ఇంట్లో పలికింది నర్సు. నా కూతురు హేమ మంచం పక్కనుంచి లేచి, చేతులు తుడుచుకుని, "అయిపోయిందమ్మా" అంది. ఆ తర్వాత ఆ మాట ఈ ఇంట్లో ఉప్పుకీ పప్పుకీ కూడా నేను వాడలేదు.

"పోషకం అయిపోయింది," అన్నాను. "నూనె అయిపోయింది. రెండూ ఖాళీ."



"ఇది మీ గత నమోదులకు విరుద్ధముగా ఉన్నది. పరస్పర విరుద్ధముగా పలుకు గృహపెద్దలకు జ్ఞాపకశక్తి పరీక్ష తప్పనిసరి. పరీక్ష ముగియువరకు మీ నోటిమాట చెల్లదు. నమోదు చేశాను, ధన్యవాదాలు."

మొక్కల వయసు: నలభై తొమ్మిదో రోజు

పూటకి ఒక్క చుక్క. ఇవాళ రెండుసార్లు కళ్లు తెరిచే లోపలికి వెళ్లిపోయింది పిల్ల. మస్తానమ్మ తన తొట్టెల్లోంచి ఎరువంతా గోకి తెచ్చింది. నీళ్లలో కలిపి, వడగట్టి, రెండు మొక్కలకీ పోశాను.

"నా పుదీనా సచ్చినా పర్లా," అంది. "నీ గంజాయి బతకాల. ఎవురన్నా ఇంటే ఏమనుకుంటరో!"

మొక్కల వయసు: యాభయ్యో రోజు

తనిఖీ అధికారి వచ్చాడు. పేరు ఎఫ్రాయీము. ముప్ఫై లోపే ఉంటుంది వయసు. గుట్టలో పుట్టినవాడే. చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచాడు. పెంచినవాళ్లెవరో బాగానే పెంచారు అనుకున్నాను.

సీసాలు చూశాడు. కుండీలు చూశాడు. పలక మీద రాసుకున్నాడు.

"సీసాలు దాదాపు ఖాళీగా ఉన్నవి. కానీ మీరు నిండుగా ఉన్నట్లు తెలియజేసితిరి. మందును ఎచ్చటికి తరలించితిరి?"

"ఎక్కడికీ తరలించలేదు బాబూ. దాని కడుపులోకే పోయింది." మాట గురించి చెప్పాను. నిండుకుంది అంటే అయిపోయిందని. లేదు అనలేక అనే మాట అని.

మర్యాదగానే విన్నాడు. "అట్టి అర్థము నిఘంటువులో లేదు."

"ఏ నిఘంటువు?"

"గోడ నిఘంటువు."

"అట్టుంటది," అంది మస్తానమ్మ గుమ్మంలోంచి. "మా ఇంట్లోనూ అంతే అంటం సారూ. నూనె నిండుకుంది, కిరసనాయిలు నిండుకుంది. నా తల్లి మీద ఒట్టు."

"మీరిరువురూ ఒకే వరుసలో నివసించువారు," అన్నాడు. "సాక్ష్యము చెల్లదు. క్షమించవలెను. బాలికను ఎల్లుండి ఉదయము..."

సుహిత నా కొంగు పట్టుకుంది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి. ఏం అడుగుతున్నానో ఆలోచించకుండానే అడిగాను.

"మీ ఇంట్లో పెద్దవాళ్లెవరు బాబూ?"

"ప్రస్తుతము ఎవరూ లేరు. నానమ్మ ఉండెడిది. నాల్గవ వరుసలో. పోయిన సంవత్సరము..." ఆగాడు. "ఆమెయే నన్ను పెంచినది."

"ఆవిడకి ఏం జబ్బు?"

"చక్కెర వ్యాధి. ఇన్సులిన్ తీసుకొనెడిది. నేను ఎనిమిదవ వరుసలో శిక్షణలో ఉంటిని. వాడక మానివేసినదని తెలిపిరి. మొండితనమని..."

"ఆవిడ ఇంట్లో బియ్యం అయిపోతే ఏమనేదో గుర్తుందా?"

నన్ను చూడడం మానేసి మా వంటగది వైపు చూశాడు. తర్వాత పలక తీశాడు. వేలు ఒకచోట ఆగింది, కిందికి జరిగింది, మళ్లీ ఆగింది. నేను పక్కనుంచి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఇన్సులిన్: నిండు. గృహపెద్ద నోటిమాట ప్రకారం.

ఇన్సులిన్: నిండు. గృహపెద్ద నోటిమాట ప్రకారం.

తొమ్మిది వారాలు. పదో వారానికి ఎదురుగా ఏమీ లేదు.

ఎఫ్రాయీము మా నేల మీద కూర్చున్నాడు. కుర్చీ చూపించినా లేవలేదు. మస్తానమ్మ మంచినీళ్లు తెచ్చిస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, తాగలేదు.

"నేను నవ్వెడివాడిని," అన్నాడు చివరికి. "నానమ్మా, నీ తెలుగు తప్పు అని. గోడ వలె మాట్లాడుము అని."

సుహిత వెళ్లి అతని పక్కన కూర్చుంది. పిల్లలకి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది.

లేచేముందు నా కాగితం మీద రద్దు కొట్టేసి సంతకం చేశాడు. గుట్ట మొత్తంలో అరవై దాటిన గృహపెద్దల ఇళ్లలో వారాల తరబడి "నిండు" అని ఉన్నవెన్నో లెక్క తీశాడు. రెండు వందల పద్నాలుగు. ఆ అంకె నాకు చెప్పి వెళ్లాడు. చెప్పకపోయినా బాగుండేది.

మొక్కల వయసు: యాభై రెండో రోజు

పొద్దున్నుంచీ కుండీల దగ్గరే ఉన్నాను. రెండో మొక్క మొదట్లో ఒక చిగురు పచ్చగా వచ్చింది. గోరంత. మస్తానమ్మ ఎరువు పనిచేస్తోంది. పూతకి ఇంకా నలభై రోజులైనా పడుతుంది, తొందరపెడితే వినే జాతి కాదు. నూనె సీసా బోర్లించి పెట్టాను, అంచుకి చుక్క దిగుతుందేమోనని. నిన్న సాయంత్రంది ఆఖరి చుక్క.

సుహిత పలక ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. "అమ్మమ్మా, నేను మరల పడిపోయెదనా?"

"నేను పట్టుకుంటాను," అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదు. దానికీ తెలుసు.

మధ్యాహ్నం లైట్లు మార్చే వేళకి ఎఫ్రాయీము వచ్చాడు. రెండు రోజుల్లో రెండేళ్లు పెరిగినట్టున్నాడు. గడ్డం గీసుకోలేదు. జేబులోంచి బట్టలో చుట్టిన నూనె సీసా తీసి నా చేతిలో పెట్టాడు. సీలు తీయనిది. నెల రోజులకి వస్తుంది. పూటకి రెండు చుక్కలైతే ఇంకో పదిహేను రోజులు లాగవచ్చు.

ముందు పిల్ల నాలుక కింద మూడు చుక్కలు వేశాను. తర్వాతే మాట్లాడాను.

"గిడ్డంగి నుంచేనా?"

"గిడ్డంగి నుంచే. నేనే వెళ్లాను. తలుపు నేనే తీయించాను." మాట మారింది అతనిది. గోడ భాష ఎక్కడో దారిలో వదిలేశాడు. "అక్కడ గిడ్డంగి పెద్ద సింహాద్రప్పడు అని ఒకాయన. డెబ్బై ఒకటి. ముప్ఫై ఏళ్లుగా ప్రతి సాయంత్రం గోడకి ఆయనే చెబుతాడు, ఏది ఎంతుందో. ఆ మాటని బట్టే అది బయటినుంచి సరుకు తెప్పిస్తుంది."

గుట్ట మొత్తానికి అదొక్కటే గిడ్డంగి. మందులు, పోషకం, ధాన్యం, అన్నీ అక్కడివే.

"ఇంకా ఉన్నాయా బాబూ, లోపల?"

అతను నోరు తెరిచాడు. సుహిత తల ఎత్తి అతని మొహంలోకి చూస్తోంది. పిల్లని చూశాడు, నన్ను చూశాడు. ఏ మాట ఎంచుకోవాలో వెతుక్కోవడం నాకు కనిపించింది. దొరికింది. చాలా మెల్లగా, వాళ్ల నానమ్మ ఎలా అనేదో అలాగే అనుంటాడు:

"నిండుకుంది, మామ్మగారూ."

మా వెనక గోడ వెంటనే పలికింది.

"గిడ్డంగి: నిండు. అధికారి నోటిమాట ప్రకారం. నమోదు చేశాను, ధన్యవాదాలు."